సైకిళ్ళు పోరాదు

బేస్తవారం, పొద్దున ఎనిమిది గంటలు. నాకు గడియారం లేదు. కానీ ఎనిమిదింటికి కాలువలో నీటిమట్టం చూడడం నా ఉద్యోగం. ఆ వేళకు లాకుల గోడ నీడ నీళ్ళలోకి దిగే మెట్లలో మూడో మెట్టు మీదికి వచ్చేది. ఆ రోజు నీడ మూడో మెట్టు మీదనే ఉంది. రెండో యుద్ధం నడుస్తున్న కాలం. దసరా పోయింది, దీపావళి ఇంకా రాలేదు. ఆ పూట ఏం జరిగిందో చెప్పాలంటే ముందు ఆ మనిషిని చెప్పాలి.

ఆయన పోయాడని మొన్ననే తెలిసింది. మైదుకూరు సంతలో ఆయన కొడుకు కనిపించాడు. అతనిప్పుడు కరెంటు మిషనుతో దూది ఏకుతాడు. "నాయన పోయినాడు పెద్దాయనా, నెల దాటింది" అన్నాడు. నేను పలకరింపు మాటలు అనకుండా "విల్లు ఉండాదా?" అని అడిగాను. "ఉండాది, అటక మింద. నారి తెగిపోయింది" అన్నాడు. ఇంటికొచ్చి కాగితం తీసుకుని కూర్చున్నాను. నాకు అక్షరాలు వచ్చింది నలభైకి దగ్గర పడినాక. కాబట్టి ఇందులో వాక్యాలు నున్నగా ఉండవు. నున్నగా కావాలనుకునేవాళ్ళు ఇంకేదైనా చదువుకోవచ్చు.

కర్నూలు నుంచి కడపకు వచ్చే పెద్ద కాలువ మీద, మైదుకూరికి ఎగువన, నేను లస్కరుగా ఉండేవాణ్ణి. లస్కరంటే తూముల తలుపులు ఎత్తేవాడు, దించేవాడు, కట్ట కాచేవాడు. నాకు ముందు మా నాయన ఆ పని చేశాడు. లాకుల పక్కన ఒక గది ఇచ్చారు. నేను పుట్టింది అందులోనే, పెళ్ళాం కాపురానికి వచ్చిందీ అందులోకే. తెల్లదొరలు ఆ కాలువ తవ్వించినప్పుడు పడవలు నడిపేవారట. నా కాలానికి పడవలు లేవు. పడవలను దించే లాకుల తలుపులు తుప్పు పట్టి అలాగే నిలబడి ఉండేవి. మిగిలిందల్లా నీళ్ళు, నీళ్ళ పక్కన కట్ట.

ఆ కట్టను ఇప్పటివాళ్ళు ఊహించుకోలేరు. అటూ ఇటూ నల్లరేగడి చేలు, చాప పరిచినట్టు చదును. తూర్పున నల్లమల, పడమట ఎర్రమల, రెండూ దూరంగా గీతల్లా కనిపిస్తాయి. వాటి మధ్య కట్ట చూపు ఆగేదాకా నేరుగా పోతుంది. దిమ్మిసలతో కొట్టి కొట్టి మన్ను గచ్చులాగా అయ్యేది. రోడ్డు మీద బండ్లు తొక్కి తొక్కి మోకాలి లోతు దుమ్ము లేచేది. కట్ట మీద ఒక్క బండి చక్రం పడనీయకుండా చూడడం నా పని. అందుకే కట్ట మొదట్లో రెండు గుంజలకు రేకు బోర్డు ఒకటి కొట్టి ఉండేది. "ఈ కట్ట మీద బండ్లు, పశువులు పోరాదు. మీరినవారు శిక్షింపబడుదురు." మా నాయన చెప్పగా నాకది నోటికొచ్చు. చదవడం రాదు.

ఆయన కనిపించకముందు వినిపించేవాడు. జుమ్మని ఒకటే రొద. తేనెటీగలు లేచాయేమోనని మొదటిసారి నేను గదిలోకి పోయి గొంగడి కప్పుకున్నాను. కొంతసేపటికి తొంగి చూస్తే కట్ట మీద సైకిలు, సైకిలు మీద ఒక సాయిబు, ఆయన వెనక ఏటవాలుగా కట్టిన దూదేకే విల్లు. మనిషికంటే పొడుగుంది. దాని నారి ఎదురుగాలికి మోగుతోంది. మీసాల మీద, కనుబొమల మీద దూది. ఎవరో ముసలాయన అనుకున్నాను. దగ్గరికొస్తే నాకంటే రెండు మూడేళ్ళు పెద్దేమో, అంతే.

నేను గొంగడి విసిరేసి అడ్డం పోయాను.

"ఏయప్పా, దిగు! ఈడ బండి పోగూడదు."

ఆయన దిగాడు. "ఇది బండి గాదప్పా, సైకిలు."

"చక్రాలుండేదంతా బండే."

"మరి ఎద్దులేవి?"

"నువ్వే ఎద్దు."

ఆయన నవ్వలేదు. కాస్త ఆలోచించి, "ఒక్కెద్దు బండా? మా ఊర్లో రెండు కడతారే" అన్నాడు. తర్వాత బోర్డు దగ్గరికి పోయి చేతులు వెనక్కి కట్టుకుని చదివాడు. "నువ్వు చెప్పింది నిజమేనప్పా. బండ్లు పోరాదు అనుండాది. బండి పోరాదు అని ల్యా. రెండుంటేనే గదా బండ్లు అయ్యేది? నాదొకటే."

నేను బోర్డు వైపు చూశాను. అదేమైనా సాయం చేస్తుందేమోనని. చదివినవాడితో వాదించాలంటే చదవడం రావాలి. "సరే పో, రేపట్నించి రాగాకు" అన్నాను. ఆయన మరుసటి వారమే వచ్చాడు. ఆ తర్వాత ప్రతి బేస్తవారం.

రోడ్డు మీద ఎందుకు పోవని ఒకసారి అడిగాను. "పోయినా. ఈ రొదకు ఎద్దులు బెదిరి బండిని చేలోకి గుంజకపోయినాయి. బండాయప్ప చెర్నాకోలతో నన్నే కొట్టినాడు, ఎద్దుల్ని కొట్టల్యా" అన్నాడు. నారి సడలించుకుని పోవచ్చు కదా అంటే, నారిని ఊరికే సడలించి బిగిస్తే అది చెడిపోతుందట. అసలు కారణం అది కాదు. ఆ రొద ఆయనకు ఇష్టం. ఎదురుగాలి ఎక్కువైన రోజు తొక్కలేక చెమటలు కక్కుతూ కూడా, "ఈ పొద్దు బాగా పాడతాంది" అనేవాడు.

ఆ విల్లు కట్టినాక వెనకనుంచి కాలు తిప్పి సైకిలు ఎక్కడానికి వీలుండదు. ఏదైనా రాయి ఎక్కి, ముందునుంచి కాలు వేసుకోవాలి. కట్ట పొడుగునా దూరం చెప్పే రాళ్ళు ఉండేవి. అందుకే ఆయన రాయి ఉన్న చోటే దిగేవాడు. దారిలో స్నేహితుడు కనిపించినా రాయి లేకపోతే ఆగడు. "ముందర రాయికాడికి రా, మాట్లాడుకుందాం!" అని అరుస్తూ పోయేవాడు. పాపం ఆ మనిషి వెనక పరుగెత్తేవాడు. మా లాకుల గోడ ఎత్తు ఆయన కాలికి సరిగ్గా సరిపోయేది.

"నీ మింద ప్రేమ అనుకున్యావేమో. నీ గోడ మింద ప్రేమప్పా" అనేవాడు.

దిగగానే నన్ను అడగడు, నీళ్ళను అడుగుతాడు. "ఏమప్పా, నీళ్ళు బాగుండాయా?" చుట్టాలను అడిగినట్టు. తర్వాత తిత్తిలోంచి చిటికెడు దూది తీసి నీళ్ళలో వేసేవాడు. అది తేలుతూ దిగువకు పోతుంది. ఈయన గోడ ఎక్కి, సైకిలెక్కి, దానితో పందెం వేసుకుని పోతాడు. మధ్యలో ఊర్లున్నాయి, పరుపులున్నాయి, ఏకాల్సిన దూది ఉంది. సాయంత్రానికి కిందిలాకులు చేరతాడు. పై వారం వచ్చి, "నేను పొయ్యేతలికి అది ఆడ కూసోనుండాది. శానా సేపాయనా వచ్చి అంటే పలకల్యా" అని చెప్పేవాడు. గెలిచానని ఒక్కసారి కూడా చెప్పలేదు.

తుమ్మముల్లు గుచ్చుకుంటే కాలువే ఆయనకు వైద్యుడు. ట్యూబు నీళ్ళలో ముంచి బుడగ కోసం చూస్తూ, "యాడప్పా నొప్పి? ఈడనా? ఇంగొంచెం పక్కనా?" అని ట్యూబును అడుగుతూ కూర్చునేవాడు. బట్టలుతికే సుబ్బమ్మక్కకు అదొక వేడుక. "సాయిబన్నా, నీ పెండ్లాన్ని ఎప్పుడన్నా ఇంత బాగా అడిగినావా?" అనేది. "ఆమె బుడగలు ఇయ్యదక్కా, తిట్లు ఇస్తాది. నొప్పి యాడుండాదో దాంట్లోనే తెల్సిపోతాది" అని ఈయన. ఎదురుగా మేకలొస్తే సైకిలు కట్ట అంచుకు తీసి, కాలు కింద ఆనించి, అన్నీ దాటేదాకా ఆగేవాడు. మేకలు తోలే ఓబులేసు దానికి గర్వపడేవాడు. ఓబులేసు మేకలను కట్ట మీదికి ఎలా తెచ్చాడని అడగొద్దు. సాయిబు వాదన విని, "పశువులు అనుండాది గానీ మ్యాకలు అని ల్యా గదా" అని వాడూ మొదలుపెట్టాడు.

ఆ రోజుల్లోనే మాకు కొత్త ఓవర్సీరు వచ్చాడు. కోస్తా వైపు సర్కారు జిల్లాల మనిషి, ఇస్త్రీ బట్టలు, మాట గట్టి. వస్తూనే లస్కర్లందరినీ పిలిపించి, చదువు రానివాళ్ళు కాలువ మీద అక్కర్లేదన్నాడు. ఎగువ లాకుల లస్కరు నిజం చెప్పాడు. పది రోజుల్లో గది ఖాళీ చేసి, ముసలితల్లిని ఎద్దుబండిలో కూర్చోబెట్టుకుని పోయాడు. తర్వాత ఓవర్సీరు నన్ను అడిగాడు. "వచ్చు సార్" అన్నాను. ఇంకేమంటాను? ఇంట్లో పెళ్ళాం కడుపుతో ఉంది.

దసరా ముందు గాలివానకు పాత బోర్డు ఎగిరి కాలువలో పడి కొట్టుకుపోయింది. ఆఫీసు నుంచి కొత్త బోర్డు గోనెపట్టాలో చుట్టి పంపారు. బేస్తవారం తనిఖీకి వస్తాను, అప్పటికి నిలబెట్టి ఉండాలని ఓవర్సీరు కబురు. బుధవారం సాయంత్రం నేనూ నా పెళ్ళామూ పట్టా విప్పాం. నీలం రంగు మీద తెల్లటి అక్షరాలు, మెరిసిపోతున్నాయి. ఎటు పైన? నాకు తెలియదు. కానీ పాత బోర్డును పుట్టినప్పటి నుంచి చూశాను. దానిలో గుండ్రటి అక్షరాలు పైన ఉండేవి, నిటారుగా కట్టెల్లాంటివి కింద. గుండ్రటివి తెలుగు, కట్టెలు ఇంగ్లీషు. అంతమాత్రం తెలుసు. కాబట్టి గుండ్రటివి పైకి వచ్చేలా పట్టుకుని మేకులు కొట్టాను. దూరం నుంచి చూసుకున్నాను. శానా బాగుందనిపించింది. పెళ్ళాం కూడా బాగుందంది.

ఇదీ ఆ బేస్తవారం ముందు సంగతి.

ఎనిమిదింటికి నీటిమట్టం చూసి మెట్లెక్కుతుంటే రొద వినిపించింది. సుబ్బమ్మక్క బండ మీద బట్టలు బాదుతోంది. ఓబులేసు మేకలను తుమ్మచెట్ల కింద వదిలి వేపపుల్ల నములుతున్నాడు. సాయిబు వచ్చి గోడ దగ్గర దిగాడు. "నీళ్ళు బాగుండాయా?" అన్నాడు. నేను బోర్డు వైపు చెయ్యి చూపించాను. పెళ్ళికూతురిని చూపించినట్టు.

ఆయన చూశాడు. తల కొంచెం పక్కకు వంచాడు. ఇంకొంచెం వంచాడు. అలాగే వంచి పెట్టి, పెదవులు కదుపుతూ, మొదటి నుంచి చివరిదాకా చదివాడు. మెడ పట్టేసిందేమో అనుకున్నాను. తర్వాత కనుబొమల మీది దూది తుడుచుకున్నాడు. ఆయన మామూలుగా తుడుచుకోడు.

"ఓవర్సీరు ఎప్పుడొస్తాడప్పా?"

"వచ్చే వేళయింది."

ఆయన కట్ట వెంట ఎగువకు చూశాడు. దూరంగా చుక్కంత ఏదో కదులుతోంది. "గుంజలు ఊగుతాండాయప్పా. మల్లా గాలొస్తే ఇదీ కాలవలోకే. విప్పి బిగిద్దాం, పట్టు" అన్నాడు.

"ఊగుతాండాయా? నిన్ననే గదా రాళ్ళు కొట్టి పాతినా!"

"ఊగుతాండాయంటే నమ్మవేందప్పా, పట్టు!"

ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. నేను పట్టుకున్నాను. ఆయన విల్లు కొట్టే కొయ్యగుండుతోనే మేకులు ఊడగొట్టాడు. రేకు చేతిలోకి తీసుకుని దుమ్ము దులుపుతున్నట్టు అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, గుంజలకు ఆనించాడు. చూస్తే కట్టెలు పైన ఉన్నాయి, గుండ్రటివి కింద.

నేను ఊరుకోవచ్చు కదా! ఊరుకోలేదు. సుబ్బమ్మక్కకూ ఓబులేసుకూ వినపడేలా అరిచాను. "ఓ సాయిబన్నా, తలకిందులు పెడతాండావు!"

బట్టల చప్పుడు ఆగింది. ఓబులేసు పుల్ల నోట్లోంచి తీశాడు. ఆయన "తలకిందులు పెట్టింది నువ్వు" అని ఒక్క మాట అంటే చాలు. సుబ్బమ్మక్క నోట్లో పడితే మధ్యాహ్నానికి నాలుగూర్లు తెలుస్తుంది. అవతల ఓవర్సీరు సైకిలు మీద వస్తూ కనిపిస్తున్నాడు.

సాయిబు మేకు నోట్లోంచి తీసి, అందరికీ వినపడేలాగే బదులిచ్చాడు. "ఇప్పుడు ఇట్లనే రాయిస్తాండారప్పా. దొర మాట పైన, మన మాట కింద. తలకిందులైంది కాలం, బోర్డు గాదు."

"అది మాత్రం నిజం సాయిబన్నా" అంది సుబ్బమ్మక్క. ఓబులేసు పకపకా నవ్వాడు. బట్టల చప్పుడు మళ్ళీ మొదలైంది. అప్పటికి నాకు అర్థమైంది. గుంజ పట్టుకుని నిలబడ్డాను.

ఆయన మేకులు కొడుతూ, దెబ్బకూ దెబ్బకూ మధ్యన, నా వైపు చూడకుండా చిన్నగా అన్నాడు. "చదవమంటే పాతది చెప్పగాకు. ఒక మాట కలిపినారు. బండ్లు, పశువులు, సైకిళ్ళు పోరాదు. మిగిలిందంతా పాతదే. చెప్పు, ఒకసారి."

"బండ్లు, పశువులు, సైకిళ్ళు…" అన్నాను. ఆయన సైకిలు వైపు చూశాను. "అన్నా, అదీ..."

"ఆఁ, అదే. మర్చిపోగాకు" అన్నాడు, ఇంకో దెబ్బ కొట్టి.

ఓవర్సీరు దిగాడు. సైకిలు కొత్తది, చక్రాలు తళతళ. బోర్డు చూశాడు, గుంజలు ఊపి చూశాడు. ఊగలేదు. "ఏమయ్యా, నీకు చదువొచ్చన్నావు కదూ? ఏదీ చదువు, వింటాను" అన్నాడు.

నేను బోర్డు వైపు తిరిగి చదివాను. చదివానంటే చెప్పాను. సైకిళ్ళు అనే మాట దగ్గర ఇటుకరాయి మింగినట్టు మింగి చెప్పాను. ఆయన తల ఊపాడు. అంతలో ఆయన చూపు గోడకు ఆనించిన సాయిబు సైకిలు మీద పడింది.

"మరి ఇదేమిటి?"

"నాదే సార్" అన్నాడు సాయిబు. "దిగి నిలబడుకున్యా. పోతా లేను."

సుబ్బమ్మక్క మెట్ల మీదినుంచి, "సారూ, మీరెక్కొచ్చింది గూడా సైకిలే గదా?" అంది. ఆమెకు ఎవరన్నా భయం లేదు. బట్టలుతికి ఇచ్చేది ఆమే కాబట్టి ఆయనకే ఆమెంటే కొంచెం భయం. "నాది సర్కారు పని" అన్నాడు, ముఖం ఎర్రగా చేసుకుని.

నాకు ఒక్కసారిగా పాత వాదన గుర్తొచ్చింది. "సార్, సైకిళ్ళు అనుండాది. ఇది ఒక్కటే గదా సార్..." అని మొదలుపెట్టాను. సాయిబు నా కాలి మీద కాలు వేసి తొక్కాడు. గట్టిగానే తొక్కాడు. నేను ఇంకొంచెం మాట్లాడితే ఓవర్సీరు నన్ను బోర్డు దగ్గరికి పిలిచి, సైకిళ్ళు అనే మాట ఎక్కడుందో వేలు పెట్టి చూపించమనేవాడు. అప్పుడు నా పని అయిపోయేది.

"చదివినోడు చదివినట్టు నడిపించాల గదా సార్. ఆయప్ప తప్పు ల్యా. నేను రోడ్డుకు పోతా" అన్నాడు సాయిబు. సైకిలు పక్కన చతికిలబడి, విల్లు నారి ముడి విప్పి సడలించాడు. అది మెత్తగా వేలాడింది. గోడ ఎక్కలేదు, సైకిలూ ఎక్కలేదు. తోసుకుంటూ చేల గట్టు మీదుగా రోడ్డు వైపు పోయాడు. ఆ రోజు నీళ్ళలో దూది వెయ్యలేదు.

"మంచి లస్కరువయ్యా" అన్నాడు ఓవర్సీరు నాతో.

బోర్డును అలాగే వదిలేసి ఉంటే ఆయనకు నష్టం లేదు. తలకిందుల బోర్డు ఉన్నన్నాళ్ళు సైకిలుకు అడ్డం లేదు. ఓవర్సీరు నన్ను తరిమేసి ఇంకొకణ్ణి పెట్టేవాడు. ఆ వచ్చేవాడితో ఈయన మళ్ళీ ఒకటి, రెండు అని వాదించుకునేవాడు. తన దారిని మూసే మాటను తన చేత్తోనే నిటారుగా నిలబెట్టి, ఆ మాటను నా నోట్లో పెట్టి పోయాడు. ఆ నెలలోనే, ఆ గదిలోనే, నాకు కొడుకు పుట్టాడు.

పై బేస్తవారం వచ్చింది. రొద లేదు. రాడనుకున్నాను. పొద్దెక్కినాక చేల గట్టు మీద నడిచి వచ్చాడు. సైకిలు రోడ్డు మీద చెట్టుకు కట్టేసి వచ్చాడట, ఎద్దును కట్టినట్టు. "నీళ్ళు బాగుండాయా?" అన్నాడు. ఆయన గోడ మీద కూర్చుని తిత్తి విప్పి, ఏకిన దూదిని పొడుగ్గా వేళ్ళతో లాగి, నాపరాయి మీద వంకర తిప్పి పెట్టాడు.

"ఇది అ. గాలి రాకముందే చదువు."

నా బడి అది. పలక లేదు, బలపం లేదు. నల్లటి రాతి మీద తెల్లటి దూది అక్షరం. గాలి వస్తే లేచి కాలువలో పడేది. పడిందంటే ఆ అక్షరం ఆ వారానికి అయిపోయినట్టే. అందుకే తొందరగా వచ్చింది నాకు చదువు. దీర్ఘం పెట్టడానికి ఇంకొంచెం దూది, సున్నకు ఉండ. సున్న ఒక్కటే గాలికి దొర్లుకుంటూ పోయేది. "సున్నకు కాళ్ళుండాయప్పా, పట్టుకో!" అని ఆయనే లేచి పరుగెత్తేవాడు. నాకు కోపమెక్కువ. రాకపోతే రాయిని గుద్దేవాణ్ణి. ఆయన ఒక్కసారి కూడా "ఇంత మాత్రం రాదా" అనలేదు. "ఈ పొద్దు గాలెక్కువ లేప్పా" అనేవాడు.

నేను కూడబలుక్కుని బోర్డు మొత్తం సొంతంగా చదివిన రోజున నాకు సంతోషం కలగలేదు. సైకిళ్ళు అనే మాట దగ్గరికి వచ్చేసరికి రాయి తీసి కొట్టాలనిపించింది. ఆయనతో ఆ మాటే అన్నాను. ఆయన నవ్వాడు. "పేరెత్తినారు గాబట్టి అడ్డం పడిందప్పా. పేరెత్తకుంటే యాదైనా పోతాంటాది."

తర్వాత ఒకరోజు బొగ్గుముక్కతో లాకుల గోడ మీద ఆయన పేరు రాశాను. నాలుగక్షరాలు, ఒక ఒత్తు. నేను నా అంతట రాసిన మొదటి పేరు అది. నా పేరుకంటే ముందు రాశాను. ఆయన చాలాసేపు చూశాడు. తడి చెయ్యి పెట్టి తుడిచేశాడు. "బాగ రాసినావు. ఒత్తు గూడా సరిగ్గా పడింది. కానీ నన్ను బోర్డెక్కియ్యగాకప్పా."

ఓవర్సీరుకు బదిలీ అయింది. ఆయన పోయిన వారమే సాయిబును గోడ దగ్గరికి సైకిలు తెమ్మన్నాను.

"బోర్డు?" అన్నాడు.

"చదివేవాడుంటే బోర్డు. చదవకపోతే ఉత్త రేకు. ఈ పొద్దు నాకు చదువు రాదు" అన్నాను.

నారి బిగించాడు. వేలితో మీటి చూశాడు. చిటికెడు దూది తీసి నీళ్ళలో వేశాడు. గోడ ఎక్కి సైకిలెక్కి, "నువ్వు గూడా రా" అని ముందు కడ్డీ మీద నన్ను కూర్చోబెట్టుకున్నాడు. నలభై ఏళ్ళ మనిషిని, మీసాలున్నవాణ్ణి, చిన్నపిల్లవాడిలా కూర్చున్నాను. కట్ట మొదలైంది. కుదుపు లేదు, దుమ్ము లేదు. ఒక పక్క నీళ్ళు, ఒక పక్క పూత మీదున్న పత్తిచేలు, రెండూ వెనక్కి పోతున్నాయి. ఎదురుగా ఎవరూ లేరు. మా వెనక విల్లు పాడుతోంది. ఆ కట్టను పుట్టినప్పటి నుంచి కాళ్ళతో కొలిచాను. అది అంత మెత్తగా ఉంటుందని ఆ రోజే తెలిసింది. ఇన్నేళ్ళూ ఎవరికోసం దిమ్మిస కొట్టానో కూడా ఆ రోజే తెలిసింది.

"రాయొస్తాంది, చదువు!" అన్నాడు చెవిలో.

రాయి వస్తోంది, వచ్చేసింది, దాటిపోయింది. చదవలేకపోయాను. "ఇంగోటొస్తాది, తొందర ల్యా" అన్నాడు. ఇంకోటి వచ్చింది. దాని మీది అంకె గట్టిగా అరిచాను. చేలో కలుపు తీసేవాళ్ళు నడుములెత్తి చూశారు. తర్వాతి రాయి అరిచాను. కిందిలాకుల దాకా ప్రతి రాయినీ అరుచుకుంటూ పోయాం. అక్కడ దిగి ఆయన నీళ్ళలోకి వంగి చూసి, "ఇంగా రాల్యా మన దూది. ఈ పొద్దు గెలిచినాం" అన్నాడు. ఆయన గెలిచానని చెప్పడం నేను విన్నది అదొక్కసారే.

స్వరాజ్యం వచ్చినాక బోర్డు మళ్ళీ మారింది. నేనే నిలబెట్టాను, ఎవరి సాయమూ లేకుండా. తెలుగు పైకి వచ్చింది. ఆయన వచ్చి, తల వంచకుండానే చదివి, "కాలం తిరుక్కునిందప్పా. సైకిలు మాత్రం ఆడనే ఉండాది" అన్నాడు. గోడ ఎక్కి, సైకిలెక్కి, ఆ బోర్డు పక్కనుంచే పోయాడు. నేను పక్కకు తిరిగి నీళ్ళు చూసుకున్నాను.

ఇప్పుడు ఆ గది లేదు. నా కొడుకు ఉన్నాడు. వాడి పిల్లలు చదువుకున్నారు. నేను ఈ కాగితాల మీద ఇన్ని మాటలు రాశాను. ఇందులో ప్రతి అక్షరమూ మొదట దూదిదే.

ఆ బేస్తవారం పొద్దున ఎనిమిది గంటలకు లాకుల దగ్గర ఉన్నవాళ్ళ పేర్లు రాసి ముగిస్తాను. మెట్ల మీద సుబ్బమ్మక్క. తుమ్మచెట్ల కింద ఓబులేసు, వాడి మేకలు. గది గడపలో నిండు నెలలతో నా పెళ్ళాం లక్ష్మమ్మ, కడుపులో నా కొడుకు. సర్కారు సైకిలు మీద వచ్చిన ఓవర్సీరు రామ్మూర్తి. గుంజ పట్టుకుని నిలబడ్డ లస్కరు నారాయణప్పను నేను. ఇంకొకాయన కూడా ఉన్నాడు. ఆ నాలుగక్షరాలు నాకొచ్చు, ఒత్తుతో సహా వచ్చు. రాయను. ఆయన పోతా ఉండాల.